తుప్పు పట్టిన పాత మినీబస్సును ఇంటి షెడ్డులోనే బాగు చేసుకోవడం ఎలా?

అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో పాత బళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు పదే పదే అడిగేది ఒకటే. "మా దగ్గర పాత మినీబస్సు ఉంది. బాడీ అంతా తుప్పు. ఏ పెయింటు వేస్తే ఆగుతుంది?"

ఏ పెయింటూ ఆపదు. తుప్పు పట్టిన ప్రతి చోటా నీళ్ళు వచ్చే దారి ఒకటి, వచ్చిన నీళ్ళు నిలిచే మూల ఒకటి ఉంటాయి. ఆ రెండూ సరిచేయకుండా ఎంత ఖరీదైన రంగు కొట్టినా రెండో వానాకాలానికి బుడగలు లేస్తాయి. అందుకే కింద రాసినదాంట్లో చాలా భాగం నీళ్ళ గురించే ఉంటుంది. రంగు ఆఖరున, అదీ కొంచెమే.

సీమలో వానలే తక్కువ కదా అంటారు కొందరు. నిజమే, అందుకే మన బళ్ళకు పైకప్పు బాగానే ఉంటుంది. మన బళ్ళు లోపలి నుంచి, కింది నుంచి పోతాయి. పల్లె రూట్లలో తిరిగిన బస్సు అంటే యూరియా, డీఏపీ బస్తాలు, మేకపోతులు, శెనక్కాయ మూటలు అన్నీ ఎక్కిన బస్సు. ఎరువు గింజలు రాలి ఫ్లోరు సందుల్లో పడి గాలిలోని తేమను లాక్కుంటూ ఉంటాయి. దాని మీద రోజూ ఉప్పు బోరు నీళ్ళతో కడుగుడు. వాన పడకపోయినా ఇనుము తడిగానే ఉంటుంది.

ఇంకో మాట. పాత బస్సుల్లో ఎక్కువ వాటికి కంపెనీ నుంచి వచ్చేది ఛాసిస్, ఇంజినే. బాడీ ఏదో ఒక ఊరి బాడీ షెడ్డులో మేస్త్రీలు కట్టేవాళ్ళు. ఒకే ఏడాది ఒకే ఛాసిస్ మీద కట్టిన రెండు బస్సులు కూడా ఒకేలా ఉండవు. కాబట్టి బెంగళూరు జేసీ రోడ్డులో వెతికినా, విజయవాడ ఆటోనగర్‌లో వెతికినా లైట్లు, రబ్బర్లు దొరుకుతాయేమో గానీ బాడీ రేకు రెడీమేడ్‌గా దొరకదు. ఉన్న రేకును చూసి మీరే చేసుకోవాలి, లేదా టింకరింగ్ మేస్త్రితో చేయించాలి.

ఇది టాటా 407, మటాడోర్ సైజు బళ్ళ కోసం రాసింది. పెద్ద బస్సుకూ పద్ధతి అదే. కానీ ఇంటి షెడ్డు సరిపోదు, ఒక్క మనిషి వల్ల కాదు.

కావలసినవి

4 అంగుళాల యాంగిల్ గ్రైండరు, దానికి వైర్ కప్పు బ్రష్షు, కటింగ్ చక్రాలు, ఫ్లాప్ డిస్కులు. డ్రిల్లు, రివెట్ గన్ను. చిన్న సుత్తి, వెనక ఆనించే ఇనప దిమ్మ, పాత స్క్రూడ్రైవరు, అయస్కాంతం, పొడుగు టేపు, సైకిలు పుల్ల. 0.8 మి.మీ. వైరు వేసే మిగ్ వెల్డింగ్ సెట్టు (అద్దెకైనా సరే). బాడీ రేకుకు 18, 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు, ఫ్రేముకు 2 మి.మీ. మందం చదరపు గొట్టాలు, ఫ్లోరుకు 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్. ఎపాక్సీ ప్రైమరు, అల్యూమినియానికి జింక్ క్రోమేట్ ప్రైమరు, పీయూ (పాలీయురిథేన్) సీలెంటు, బ్యూటైల్ టేపు, గొట్టాల లోపల కొట్టే మైనం స్ప్రే.

కళ్ళద్దాలు, చేతి తొడుగులు, మాస్కు, మంటలార్పే సిలిండరు లేకుండా మొదలుపెట్టకండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. దాన్ని పొడిగా గ్రైండ్ చేస్తే ఆ ధూళి ఇంట్లో పిల్లల దాకా పోతుంది. పాత రంగును తడిపి రుద్దండి, లేదా రంగు తీసే మందు వాడండి. షెడ్డులో వేసుకున్న బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు.

1. ముందు కాగితాలు

బండి మీద ఒక్క బోల్టు విప్పకముందే ఆర్.సి., ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిన్ నంబరు మూడూ సరిపోతున్నాయో చూడండి. ఛాసిస్ నంబరు తుప్పు కింద దాక్కుని ఉంటే కిరోసిన్ గుడ్డతో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో మాత్రమే శుభ్రం చేయండి. గ్రైండరు ఆ చుట్టుపక్కలకు పోకూడదు. నంబరు చెరిగిందంటే బండి ఎంత బాగా తయారైనా కాగితాల దగ్గర ఆగిపోతుంది. పెన్సిల్ ప్రింటు తీసుకుని, ఫొటో తీసి, గ్రీజు పూసి, పైన టేపు వేసేయండి. పనంతా అయ్యేదాకా అది అలాగే ఉండాలి.

బండి బళ్ళారి వైపు నుంచి వచ్చిందయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్.ఓ.సి. (ఫారం 28) లేకుండా డబ్బు కట్టొద్దు. పేరు మార్పిడికి ఫారం 29, 30.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి చాలామంది పొరపడతారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, సొంత వాడకానికి ఉన్న రెండు చక్రాల బళ్ళకు, డ్రైవరు సీటు కాక ఎనిమిది సీట్లు దాటని (ఎం1 తరగతి) నాలుగు చక్రాల బళ్ళకే అది వర్తిస్తుంది. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. బాడ్గకు తిప్పకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. 407 మార్కెట్లోకి వచ్చిందే 1986లో కాబట్టి దానికి ఇంకా ఆ వయసు రాలేదు.

వింటేజ్ కాకపోయినా సరే, బాడీ ఆకారం, సీట్ల సంఖ్య మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి కావాలి. పాత బాడీ పీకేసి కొత్త బాడీ కట్టడం వేరే కథ. దానికి ఏఐఎస్-052 బస్సు బాడీ కోడ్ ఉంది, ఇంటి షెడ్డులో కుదరదు. ఉన్న బాడీని ఉన్నట్టుగా బాగు చేయడం వరకే మన పని.

2. చోటు

బండి చుట్టూ ఒక మనిషి వంగి పని చేసేంత జాగా, పైన రేకుల కొట్టం, కింద గట్టి నేల. మన ఇళ్ళ వెనకాల సాధారణంగా కడప బండలో తాడిపత్రి బండలో పరిచి ఉంటాయి. వాటి మీద జాకీ నేరుగా పెట్టొద్దు. బండ కింద మట్టి గుల్లగా ఉంటే ఒక్కచోట పడ్డ బరువుకు టప్పున పగులుతుంది. జాకీకి, స్టాండుకు కింద రెండంగుళాల మందం చెక్క పలక పెట్టండి. బండి కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మొద్దు, స్టాండ్లు ఉండాల్సిందే. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లు కావు.

కరెంటు సింగిల్ ఫేజ్ అయినా చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ సెట్టు నడుస్తుంది. పొడుగు వైరు మాత్రం 2.5 చదరపు మి.మీ. కంటే సన్నగా ఉండకూడదు. సన్న వైరు వేడెక్కుతుంది, వెల్డింగ్ అతకదు.

3. ఫొటోలు, కొలతలు, అక్షరాలు

విప్పకముందే ప్రతి మూలా ఫొటో తీయండి, పక్కన టేపు పెట్టి మరీ తీయండి. తలుపు ఖాళీకి, ప్రతి కిటికీ ఖాళీకి మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి, ఆ రెండు అంకెలూ అక్కడే రేకు మీద మార్కరుతో రాయండి. రేపు కత్తిరించి మళ్ళీ అతికించేటప్పుడు ఈ అంకెలే దిక్కు.

పాత బస్సు మీద చేత్తో రాసిన అక్షరాలుంటాయి. రూటు పేర్లు, వెనక రాసిన మాటలు, అద్దం పైన దేవుడి పేరు. గ్రైండరు పెట్టకముందే వాటి మీద ట్రేసింగ్ కాగితం వేసి గీసుకోండి, రంగులు గుర్తు రాసుకోండి. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పట్టి బస్సు మీద 'కళ్యాణదుర్గం' అని ఒక ఊపులో రాసే ఆర్టిస్టులు తగ్గిపోయారు. కంప్యూటరు స్టిక్కరుతో ఆ వంపు రాదు. మీ ఊళ్ళో ఇంకా కుంచె పట్టేవాళ్ళు ఉంటే ఆఖరి పని వాళ్ళ చేతనే చేయించండి. బండికి ప్రాణం వచ్చేది అక్కడే.

4. లోపలంతా విప్పడం

సీట్లు, ఫ్లోరు మ్యాటు, ప్లైవుడ్, లోపలి లైనింగ్ రేకులు, అద్దాలు, వైరింగ్ అన్నీ తీయాలి. లైనింగ్ అలాగే ఉంచి బయటి నుంచి మాత్రమే బాగు చేద్దామనుకుంటే ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. తుప్పంతా ఆ రెండు రేకుల మధ్యే ఉంది.

రివెట్లు తీసేటప్పుడు తల మధ్యలో పంచి కొట్టి, తల మందం వరకే డ్రిల్లు వేసి, ఉలితో తల ఎగరగొట్టి, కాడను పంచితో లోపలికి తోయండి. పూర్తిగా డ్రిల్లు వేసేస్తే రంధ్రం పెద్దదై కొత్త రివెటు పట్టదు. తీసిన ముక్క ఏదైనా, ఎంత పాడైనా, పని పూర్తయ్యేదాకా పారేయొద్దు. కొత్తది కత్తిరించడానికి అదే నమూనా.

రెగ్జిన్, స్పాంజి బండి దగ్గర ఉంచొద్దు. వెల్డింగ్ రవ్వ పడితే విషపు పొగ.

5. తుప్పు వెతకడం

దీనికి తొందర పడొద్దు. నాలుగు పరీక్షలు చేయండి.

అయస్కాంతం: బయటి రేకు మీద అంగుళం అంగుళం జరుపుతూ పొండి. ఇనప రేకు మీద ఒకచోట పట్టు సడలిందంటే అక్కడ లప్పం మందంగా ఉంది, దాని కింద ఎప్పటిదో చిల్లు ఉంటుంది. మొత్తం రేకుకే పట్టకపోతే అది అల్యూమినియం. అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు, తెల్లని పొడి వస్తుంది. అది కనబడితే రేకునే కాదు, దాని వెనక ఉన్న ఇనప గొట్టాన్నీ అనుమానించండి. రెండు లోహాలు తడిలో ఒకదానికొకటి ఆనితే అల్యూమినియం త్వరగా తినుకుపోతుంది, ఆ తడికి ఇనుమూ తుప్పు పట్టి ఉండొచ్చు.

సుత్తి: ఫ్రేము గొట్టాలను చిన్న సుత్తితో తట్టుతూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట బొద్దుగా పలుకుతుంది.

స్క్రూడ్రైవరు: బొద్దుగా పలికిన చోట మొన పెట్టి బలంగా నొక్కండి. దిగబడితే కత్తిరించాలి. దిగకుండా పైన పొర మాత్రం రాలితే శుభ్రం చేసి ఉంచుకోవచ్చు.

బల్బు: చీకటి పడ్డాక లోపల బల్బు వెలిగించి బయట తిరగండి. సూది మొనంత చిల్లు కూడా నక్షత్రంలా కనిపిస్తుంది. ప్రతి దాని చుట్టూ చాక్‌పీసుతో సున్నా చుట్టండి.

ఎక్కడెక్కడ చూడాలంటే: చక్రాల పైన వంపు రేకులు, మెట్ల పెట్టె అడుగు, బ్యాటరీ పెట్టె (ఆసిడ్ కారి ఉంటుంది), పైన లగేజీ క్యారియరు కాళ్ళు దిగిన చోట్లు, వెనక నిచ్చెన బోల్టులు, పైకప్పు అంచు వెంబడి గట్టరు, ఫ్లోరు అడ్డ దూలాలకు ప్లైవుడ్ ఆనే పైభాగం.

అన్నిటికంటే ముఖ్యమైంది కిటికీ అడుగు. జరిపే అద్దాల కిటికీ కింద వేలెడు వెడల్పు గాడి ఉంటుంది. అద్దం మీద పడ్డ వానంతా జారి ఆ గాడిలోకే వస్తుంది, అక్కడున్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. గాడిలోని ఫెల్టు పీకి చూడండి. శెనక్కాయ పొట్టు, బీడీ ముక్కలు, చుట్ట చుట్టి దోపిన టికెట్లు, దుమ్ము అన్నీ కలిసి ముద్దయి రంధ్రాలను మూసేసి ఉంటాయి. ఆ ముద్ద వానొచ్చినప్పుడు నీళ్ళు పీల్చి రోజుల తరబడి పట్టుకుంటుంది. నీళ్ళకు బయటి దారి లేక గాడి మూలల్లోంచి లోపలి గొట్టంలోకి దిగుతాయి. బయట కిటికీ కింద మూలల్లో బుడగలు లేచే రంగు వెనకున్న కథంతా ఇదే. సైకిలు పుల్లతో ఆ రంధ్రాలు పొడవండి. ఒక లోటా నీళ్ళు పోసి, ఎంతసేపట్లో, ఎక్కడి నుంచి బయటికొస్తున్నాయో చూడండి. బయటికి రాకుండా మాయమయ్యాయంటే ఆ గొట్టం విప్పాల్సిందే.

తుప్పు చోటు పక్కన "నీళ్ళు ఎక్కడి నుంచి?" అనే దానికి జవాబు కూడా రాసుకోండి. జవాబు లేని చోటును అతికించొద్దు, ముందు కారణం దొరకనివ్వండి.

6. ఛాసిస్

బాడీ పనికి ముందే ఇది అయిపోవాలి. వైరు బ్రష్షుతో పొరలు రాల్చి, రెండు పట్టీలు కలిసే చోట్ల పొంగు ఉందేమో చూడండి. మధ్యలో తుప్పు పేరుకుంటే అది రెండింటినీ విడదీసేంత బలంగా ఉబ్బుతుంది. ఛాసిస్ పొడుగు దూలాల మీద మాత్రం మీరు వెల్డింగ్ చేయొద్దు, డ్రిల్లు వేయొద్దు. పైనా కిందా ఉండే అంచు పట్టీల మీద అసలే వద్దు. బీట కనిపిస్తే బండిని ఛాసిస్ పని తెలిసిన షెడ్డుకు తీసుకుపోండి. ఇంట్లో చేసే పని కాదది.

కమాన్ పట్టీల యూ-బోల్టులు, షాకిల్ పిన్నులు తుప్పు పట్టి ఉంటే శుభ్రం చేసి మళ్ళీ వాడొద్దు, కొత్తవి వేయండి. బ్రేకు పైపులు, రబ్బరు హోసులు చూడ్డానికి బాగున్నా మార్చేయండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములోని ధూళిని గాలి కొట్టి ఊదొద్దు, తడి గుడ్డతో తుడవండి.

శుభ్రమైన ఛాసిస్‌కు ఎపాక్సీ ప్రైమరు, దాని మీద ఛాసిస్ నలుపు. కాలిన ఇంజిన్ ఆయిలు పూసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. అది దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది, రబ్బరు బుష్షులను పాడు చేస్తుంది, తర్వాత ఏ రంగూ పట్టనివ్వదు. తుప్పు మీదే డాంబరు కోటింగ్ కొట్టడం అంతకంటే చెడ్డది. తడి లోపల ఇరుక్కుంటుంది, బయటికి నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తుంది.

డీజిల్ ట్యాంకు కారుతుంటే దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లో వెల్డింగ్ చేయొద్దు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపలి ఆవిరి పేలుతుంది.

7. ఫ్రేము కత్తిరించి అతకడం

ఒకేసారి అన్నీ కత్తిరించకండి. ఒక గొట్టం తీసి, కొత్తది పెట్టి, తర్వాతే రెండోది. కత్తిరించే ముందు తలుపు, కిటికీ ఖాళీలకు అడ్డంగా, ఐమూలగా తాత్కాలిక కడ్డీలు టాకా (చిన్న చుక్క వెల్డు) వేసి బిగించండి. ఇది చేయక తలుపు మూసుకోని బళ్ళు చాలా ఉన్నాయి. అప్పుడు బండిని స్టాండ్ల మీద వదిలేయకుండా చక్రాల మీద, సమంగా నిలబెట్టి ఉంచాలి. లేకపోతే వంగిన బాడీనే వంకరగా అతికిస్తారు.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ రెండు వైర్లూ, ఆల్టర్నేటరు వైరూ తీసేయండి. ఎర్త్ క్లాంపు అతికే చోటికి దగ్గర్లోనే పెట్టండి. దూరంగా వెనక ఇరుసుకు పెడితే కరెంటు చక్రాల బేరింగుల గుండా పోయి వాటిని తింటుంది. గాల్వనైజ్డ్ పైపు మీద వెల్డింగ్ చేయాల్సి వస్తే జింకు పూత ముందే రాల్చండి, ఆ తెల్ల పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.

తినేసిన చోటికి రెండు వైపులా గట్టి ఇనుము తగిలేదాకా కత్తిరించండి. తుప్పు అంచుకు అతికిన వెల్డు నిలవదు. కొత్త ముక్క లోపల జాయింటుకు సరిపడే చిన్న తొడుగు ముక్క పెడితే బలం. 2 మి.మీ. గొట్టానికి ఆర్క్ సెట్టు 2.5 మి.మీ. రాడుతో సరిపోతుంది. 20 గేజ్ రేకుకు ఆర్క్ పెడితే చిల్లులు పడతాయి, దానికి మిగ్ కావాలి. రేకు మీద వరసగా గీత లాగొద్దు. అంగుళం మేర అతికి, జానెడు దూరం జరిగి ఇంకో అంగుళం, మళ్ళీ వెనక్కి. లేకపోతే రేకు అప్పడంలా ఉబ్బుతుంది.

మీ చేయి కుదిరిందో లేదో ముందు పనికిరాని ముక్కల మీద చూడండి. రెండు ముక్కలు అతికి, వైసులో బిగించి సుత్తితో వంచండి. వెల్డు ఊడొస్తే కరెంటు పెంచాలి. వెల్డు నిలిచి పక్క రేకు చిరిగితే బాగుంది.

ప్రతి జాయింటు తర్వాత మూలల కొలతలు మళ్ళీ వేయండి. ఐమూల కొలతలు రెండూ మొదట రాసుకున్న అంకెలకు 3 మి.మీ. లోపు రావాలి. రాకపోతే టాకా కోసి సర్దడం ఇప్పుడు నిమిషాల పని, రేకు వేశాక రోజుల పని.

కొత్త గొట్టం మూసేసే ముందు దాని అతి తక్కువ ఎత్తున్న చోట 6 మి.మీ. రంధ్రం వేయండి. నీళ్ళు రావనుకోవద్దు, వస్తాయి. వచ్చినవి పోవాలి.

8. చిన్న సామాను

బోల్టులు, కీళ్ళు, తలుపు గొళ్ళేలు, హ్యాండిళ్ళకు గ్రైండరు అక్కర్లేదు. ప్లాస్టిక్ బకెట్టులో లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఒక రాత్రి నానబెట్టండి. మర్నాడు బ్రష్షు కొట్టి, చాకలి సోడా నీళ్ళలో ముంచి తీసి, వెంటనే ఆరబెట్టి నూనె పూయండి. కమాన్ పట్టీలు, స్ప్రింగులు, గట్టి ఉక్కు బోల్టులు దీంట్లో వేయొద్దు. ఆసిడ్‌లో పుట్టే హైడ్రోజన్ వాటిని పెళుసుగా చేస్తుంది.

క్లిష్టమైన ముక్కలకు ఎలక్ట్రోలిసిస్ ఇంకా బాగుంటుంది. చాకలి సోడా నీళ్ళు, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు చాలు. తుప్పు ముక్కకు మైనస్, పారేసే మామూలు ఇనప రేకుకు ప్లస్. ప్లస్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె, స్పూను పెట్టొద్దు, నీళ్ళలోకి విషపు క్రోమియం వస్తుంది. బయట, గాలి తగిలే చోట పెట్టండి. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు.

9. రేకులు

పాత రేకును నేల మీద పరిచి, కొత్త షీటు మీద గీసి, చుట్టూ కొంచెం ఎక్కువ ఉంచి కత్తిరించండి. ఇనప ఫ్రేము మీద అల్యూమినియం రేకు వేస్తుంటే ఫ్రేముకు ఎపాక్సీ, రేకు వెనక జింక్ క్రోమేట్, మధ్యలో బ్యూటైల్ టేపు. ఈ టేపును డబ్బు ఆదా అనుకుని మానేస్తున్నారు. బండి ఆయుష్షు దాని మీదే ఉంది.

పై రేకు కింది రేకు మీదికి రావాలి, ముందు రేకు వెనక రేకు మీదికి. ఇంటి మీద పెంకులు పరిచే లెక్కే. నీళ్ళు పడే దిశకు, గాలి కొట్టే దిశకు ఎదురుగా నోరు తెరిచిన జాయింటు ఉండకూడదు. పాప్ రివెట్లు వేస్తే మధ్యలో మేకు ఊడి చిన్న బొక్క మిగులుతుంది. పైకప్పు మీదైతే మూసిన తల రివెట్లు వాడండి, లేకపోతే ప్రతి రివెటు ముందు సీలెంటులో ముంచి వేయండి.

ఫ్లోరు ప్లైవుడ్ అంచులు, బోల్టు రంధ్రాల లోపలి గోడలు కూడా రంగుతో నిండాలి. ప్లైవుడ్ నీళ్ళు తాగేది అంచుల్లోంచే. ప్లైవుడ్‌కు, అడ్డ దూలానికి మధ్య రబ్బరు పట్టీ వేయండి.

10. ప్రైమరు, లప్పం, రంగు

శుభ్రం చేసిన ఇనుమును రాత్రికి వదలొద్దు. గ్రైండ్ చేసిన రోజే ప్రైమరు పడాలి. కాబట్టి ఒక రోజులో ప్రైమరు కొట్టగలిగినంతే గ్రైండ్ చేయండి.

ఆఖరి తుడుపుకు బోరు నీళ్ళు వాడొద్దు. మన బోరు నీళ్ళలోని ఉప్పు ఆరి రేకు మీద ఉండిపోతుంది, రంగు కింద అది తేమను లాగి బుడగలు చేస్తుంది. పట్టి ఉంచిన వాన నీళ్ళో ఫిల్టరు నీళ్ళో వాడండి, ఆరాక థిన్నరు గుడ్డ. తడి ఎమెరీ కొట్టేటప్పుడూ ఇదే మాట. ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న తుప్పు మందు వాడి ఉంటే డబ్బా మీద రాసినట్టు పూర్తిగా కడిగి ఆరబెట్టాకే ఎపాక్సీ. ఆసిడ్ మిగిలితే ఎపాక్సీ గట్టిపడదు.

లప్పం ఎపాక్సీ మీదే పెట్టండి, 3 మి.మీ. మందం దాటొద్దు. లప్పం స్పాంజి లాగా తేమ తాగుతుంది, కాబట్టి రుద్దిన లప్పాన్ని రోజుల తరబడి బయట ఉంచకుండా పైన ప్రైమరు వేసేయండి. గుంట అంతకంటే లోతుగా ఉంటే లప్పం కాదు, సుత్తి, దిమ్మ కావాలి.

రంగుకు కాలం చూసుకోండి. అనంతపురంలో ఆషాఢం గాలులకు దుమ్ము లేస్తుంది, తడి రంగు మీద పడితే గరుకు కాగితమే. ఏప్రిల్, మే ఎండలో రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది, రంగు గాల్లోనే ఆరి పొడిలా పడుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు తడి ఆరాక పొద్దున పూట బాగుంటుంది. ముందు రోజు నేల కడిగి, కొట్టం చుట్టూ తడిపిన పట్టాలు కట్టండి.

రెండు డబ్బాలు కలిపే పీయూ రంగు గట్టిది, కానీ అందులో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఐసోసయనేట్ ఉంటుంది. గుడ్డ మాస్కు, కరోనా మాస్కు పనికిరావు. బయటి నుంచి గాలి పంపే మాస్కు లేకపోతే ఆ పని పెయింటు బూత్ ఉన్నవాళ్ళకు ఇవ్వండి. ఇంట్లో చేసుకోవాలంటే మామూలు సింథటిక్ ఎనామెల్ కొట్టుకోండి. పాత బస్సులకు ఉన్నది అదే, కుంచె అక్షరాలు కూడా దాని మీద బాగా పడతాయి.

ప్రైమరు పట్టిందో లేదో చూడాలంటే గట్టిపడ్డాక కనబడని మూలలో బ్లేడుతో అడ్డం, నిలువు గళ్ళు కోసి, టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్ళు టేపుతో లేచొస్తే మొత్తం తీసి మళ్ళీ చేయాల్సిందే. పైన రంగు కొడితే సరిపోతుందిలే అనుకోవద్దు.

రంగు ఆరాక గొట్టాల రంధ్రాల్లోంచి పొడుగు నాజిల్‌తో లోపల మైనం స్ప్రే కొట్టండి. తర్వాత నీళ్ళు పోయే రంధ్రాలను మళ్ళీ సైకిలు పుల్లతో తెరవండి. మైనం వాటినీ మూసేస్తుంది.

11. అద్దాలు

ముందు అద్దానికి కొత్త రబ్బరే వేయండి. రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, దాని బయటి గాడిలో సన్న నైలాన్ తాడు చుట్టూ పెట్టి రెండు కొనలూ కింద మధ్యలో బండి లోపలికి వదలండి. రబ్బరుకు సబ్బు నీళ్ళు రాసి, బయటి నుంచి ఒకరు అరచేతులతో నొక్కుతుంటే లోపలి నుంచి ఇంకొకరు తాడును మెల్లగా లాగుతూ పోవాలి. తాడు వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కుతుంది. స్క్రూడ్రైవరుతో ఎక్కిస్తే రబ్బరు చిరుగుతుంది, రేకు అంచు రంగు గీసుకుపోతుంది. ఆ గీత దగ్గరే మళ్ళీ తుప్పు మొదలవుతుంది.

12. నీళ్ళ పరీక్ష

లోపలి లైనింగ్, సీట్లు వేయకముందే చేయాలి. లోపల అన్ని జాయింట్ల కింద సున్నపు పొడి గానీ చాక్‌పీసు పొడి గానీ రాయండి, తడి తగిలితే గీతలా కనిపిస్తుంది. బయట ఒకరు కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పైపుతో నీళ్ళు కొట్టాలి. పై నుంచి మొదలుపెడితే అంతా తడిసి ఎక్కడ కారుతుందో తెలియదు. ఒక్కో కిటికీకి ఐదు నిమిషాలు, పైకప్పుకు పావుగంట. లోపల ఒకరు టార్చి పట్టుకుని కూర్చోవాలి.

కారిన చోటును లోపలి నుంచి సీలెంటుతో మూయడం అందరూ చేసే తప్పు. నీళ్ళు లోపలికి వచ్చాయంటే రేకు వెనక అప్పటికే చేరాయి. బయటి జాయింటు విప్పి మళ్ళీ వేయండి. అన్నీ పొడిగా ఉన్నాక కిటికీ గాడుల్లో లోటా నీళ్ళ పరీక్ష మళ్ళీ చేయండి, ఈసారి ప్రతి రంధ్రం కిందా ధార కనిపించాలి.

ఆ తర్వాతే వైరింగ్, లైనింగ్, సీట్లు. టైర్ల పక్కన ఉండే నాలుగంకెలు చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మంచి గాడి ఉన్నా ఏళ్ళ తరబడి ఎండలో నిలబడ్డ టైర్లతో ఫిట్‌నెస్‌కు పోవద్దు. ఇంజిన్ చాలాకాలం ఆగి ఉంటే సెల్ఫ్ కొట్టకండి. ఇంజెక్టర్లు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిలు పోసి, నానాక పుల్లీ పట్టుకుని చేత్తో తిప్పి, తిరిగితేనే ముందుకు పొండి. ఇంజిన్ పని ఇంతకంటే పెద్దది, దాన్ని ఇందులో కలపడం లేదు.

మొదటి ఏడాది ఈశాన్య ఋతుపవనాల వానలు పడ్డాక ఫ్లోరు మూలల్లో ఒక్కో ప్లైవుడ్ బోల్టు విప్పి కింద చేయి పెట్టి చూడండి. ఎక్కడ తడి తగిలితే అక్కడి నుంచి పైకి దారి వెతకండి.